యాభై దాటలేదన్న మాట

హైస్కూలు గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా పద్దెనిమిది కిలోమీటర్లు. ఆరేళ్లుగా రోజూ ఆ దారిలో వెళ్లొస్తున్న జోగేశ్వరరావుకి ఆ అంకె తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. అలాంటిది, కారు పెట్రోలు ఎంత తాగుతోందో చూద్దామని ఆ సోమవారం మీటరు సున్నాకి తిప్పి బయల్దేరితే, ఇల్లు చేరేసరికి పదహారే చూపించింది.

ఆయన రామచంద్రపురంలో లెక్కల మాస్టారు. ఇరవై ఎనిమిదేళ్లుగా వృత్తం చుట్టుకొలత చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. రోడ్డు రెండు కిలోమీటర్లు తగ్గిందంటే ఇంకెవరైనా నవ్వి ఊరుకుందురు. ఈయనకి నవ్వు రాలేదు. ఇంజను ఆపి, దిగకుండా అలాగే కూర్చుండిపోయాడు. కారణం అప్పుడే సగం తెలిసిపోయింది.

మూడు నెలల కిందట కారుకి చక్రాలు మార్పించాడు. కాలవగట్టు రోడ్డు గోతుల్లో కారు అడుగుభాగం గీసుకుపోతోందని మొత్తుకుంటే, మెకానిక్ రాజరత్నం పెద్ద చక్రాలు, లావుపాటి టైర్లు వేసిచ్చాడు. కారు అంగుళంన్నర పైకి లేచింది. గోతుల బాధ వదిలిందని మాస్టారు సంబరపడ్డాడు కూడా. సరిగ్గా ఆ వారంలోనే, సాయంత్రం ఇంటికొస్తూ, ఊరి మలుపులో రోడ్డు దాటుతున్న వెంకన్నని గుద్దాడు.

వెంకన్న కొబ్బరి దింపు మనిషి, చెట్లెక్కి కాయలు కోసేవాడు. ఆ ఊళ్లో సగం తోటలు అతని చేతి మీదే దిగేవి. భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి, మందులు అన్నీ మాస్టారే చూసుకున్నాడు, కేసులేవీ లేవు. ఆసుపత్రి మంచం మీద వెంకన్న ఒకటే మాట అన్నాడు.

"మీ కారు తూము మీద ఉండగానే దాటానండి. రోజూ అంతే కదండి."

నిజమే. ఆ వేళకి మాస్టారి కారు, మలుపుకి ముందు కాలవ నీళ్లు రోడ్డు కింద దాటే ఆ తూము, ఆ వేగం ఆరేళ్లుగా మారలేదు. కారు తూము మీదుంటే వెంకన్న తాపీగా అవతలికి చేరేవాడు. ఈసారి మాత్రం ఆఖరి అడుగు దగ్గర కారు అతన్ని అందుకుంది.

టీ బడ్డీ దగ్గర నలుగురూ అడిగినప్పుడు జోగేశ్వరరావు నిబ్బరంగా చెప్పాడు. "మీటరు చూశానయ్యా. యాభై దాటలేదు." లెక్కల మాస్టారు చెప్పిన అంకెని ఊళ్లో కాదనేవాడెవడు? కారు ఎప్పటి వేగంతోనే వచ్చిందంటే, తూము దాటేసిన కారు తూము మీదే ఉన్నట్టు వెంకన్నకి కనబడిందన్నమాట. చూపు మందగించిందన్నారు. తన సంగతి తనకి తెలిసిన వెంకన్న కూడా చివరికి అదే నమ్మాడు. ఎముక అతుక్కుంది గానీ మళ్లీ చెట్టెక్కలేదు. దూరం తెలియని కళ్లతో యాభై అడుగుల ఎత్తుకి ఎవడెక్కుతాడు? ఇంటి అరుగు మీద కూర్చుని, భార్య బుల్లెమ్మ తెచ్చిపెట్టే కాయలు వలుచుకుంటూ రోజులు వెళ్లదీస్తున్నాడు.

మీటరు తేడా చూసిన మర్నాడు షెడ్డులో రాజరత్నం తన ఫోనులో వేగం చూపించే యాప్ తెరిచి డాష్‌బోర్డు మీద ఆనించి, కారుని కాలవ రోడ్డెక్కించాడు. మీటరులో ముల్లు యాభై మీద ఉంటే ఫోను యాభై ఆరు చూపించింది.

"మీటరుకి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో తప్ప ఇంకేం తెలీదండి. పెద్ద చక్రం ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోద్ది. మీటరేమో పాత లెక్కే చెబుతుంది. వేసిన రోజే చెప్పాను మాస్టారూ. మీరు ఫోనులో మాట్లాడుతూ తలూపారు."

పిల్లలకి వెయ్యిసార్లు చెప్పిన పాఠం ఒక షెడ్డులో వినాల్సొచ్చింది. జోగేశ్వరరావుకి సిగ్గుపడే ఓపిక కూడా లేకపోయింది.

ఇంటికొచ్చి భార్య జగదాంబకి చెబితే, ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "ఆరు కిలోమీటర్ల తేడాకే కొంప మునిగిందా ఏంటండీ? అతను మనల్ని ఒక్క మాటన్నాడా? సద్దుమణిగినదాన్ని మళ్లీ కదపడం దేనికి?"

ఆవిడ చెప్పిందీ సబబుగానే తోచింది. ఒళ్లు వాలిపోతోంది. నలుగురిలోనూ మాట పోతుందన్న తలపుకే నీరసం ముంచుకొచ్చింది. పడుకుంటే మాత్రం లెక్క ఊరుకోదు కదా. తూము నుంచి మలుపుకి వంద మీటర్లు. యాభైకీ యాభై ఆరుకీ అక్కడ తేడా ముప్పావు సెకను. ముప్పావు సెకనులో మనిషి ఒక అడుగు వేస్తాడు. జోగేశ్వరరావు లేచి చెప్పులేసుకున్నాడు.

వెంకన్న ఇంటి అరుగు మీద నిలబడే చెప్పాడంతా. చక్రాల సంగతి, యాభై ఆరు సంగతి, రాజరత్నం ముందే చెబితే వినకపోవడం. బుల్లెమ్మ కాయల బుట్ట దించి గుమ్మంలో ఆగిపోయింది. వెంకన్న వలుస్తున్న కాయ పక్కన పెట్టాడు.

"అంటే కారు తూము మీదే ఉందాండి?"

"తూము మీదే ఉంది వెంకన్నా. నువ్వు సరిగ్గానే చూశావు."

"మీరు యాభై అన్నారని నా కళ్లని నేను తిట్టుకున్నానండి. మూడు నెలలు. ఇది కూడా తిట్టింది," అంటూ బుల్లెమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పు నాది. డబ్బులేమైనా..."

"డబ్బులొద్దండి. ఈ మాట ఇక్కడ కాదండి. బడ్డీ దగ్గర చెప్పండి."

మర్నాడు పట్టపగలు నాలుగింటికి, వెంకన్న కూడా వచ్చి నిలబడితే, బడ్డీ దగ్గర నలుగురూ కూర్చున్న బెంచీల మధ్య జోగేశ్వరరావు చెప్పాడు. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఎవరో "మరెంత మీద వచ్చారు మాస్టారూ?" అనడిగితే "యాభై ఆరు," అన్నాడు. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు ఆయన వంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఆ చూపుకి ఆయన తల దించుకున్నాడు.

వెంకన్న ఆయన వైపు చూడనేలేదు. బెంచీ చివర కూర్చున్న తోటల ఆసామికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అయ్యగారూ, రేపు మీ తోటలో దింపుంటే, నేనొస్తానండి."