పెట్టెల డాక్టరు సొంత పెట్టె

తీసేయమన్నది పాతదాన్ని కదా, మరి కొత్తదెందుకు అలిగి కూర్చున్నట్టు, అనుకుంటూ ఆమె కంప్యూటర్ పవర్ బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది, పెట్టెలో ఫ్యాను నిట్టూర్చి ఆగింది, మళ్లీ నొక్కింది, మళ్లీ తిరిగింది, తెర మీద కంపెనీ బొమ్మ వచ్చి పోయింది, ఆ తర్వాత నలుపు, పై మూలన తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వరుసలు, పెట్టెను నడిపే లినక్స్‌ను ఎక్కిస్తున్నాను అని ఒకటి, దానికి కావలసిన మొదటి సరంజామా ఎక్కిస్తున్నాను అని రెండోది, దాని చివర చుక్కలు, అంతే, ఆ చుక్కల దగ్గరే నిన్నా ఆగింది, మొన్నా ఆగింది, చెప్పబోయిన మాట నోట్లోనే ఉండిపోయిన మనిషిలాగా, ఛ, పోలికకు ఇంకేమీ దొరకలేదా నీకు, అని తనను తానే కసురుకుంది, అలాంటి మనిషి, కట్టుకున్నవాడు, పక్కగదిలో మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు మరి, ఈ పెట్టె తిరుగుతున్నన్నాళ్లూ పొద్దున్నే లేచి గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి దీని ముందు కూర్చునేవాడు, పెద్దగా ఏమీ చేసేవాడు కాదు, మౌస్ అటు జరిపి ఇటు జరిపి తెర మీద బాణం పరుగెత్తడం చూసేవాడు, అయినా ఆ కుర్చీ నిండుగా ఉంటే ఇల్లు ఇల్లులా ఉండేది, పెట్టె ఆగాక ఆయనా మంచం దిగడం మానేశాడు, ఆపిన ఘనత మాత్రం పూర్తిగా ఆమెదే.

ఆసుపత్రిలో కళ్లు తెరిచి ఆయన అన్న మొదటి మాట చూద్దాం, ఎలా ఉందండీ అంటే చూద్దాం, నొప్పిగా ఉందా అంటే చూద్దాం, నేనెవరో తెలుస్తోందా అన్నా చూద్దాం, తలలో ఎక్కడో రక్తం గడ్డకట్టి మాటలన్నిటినీ ఊడ్చేసి ఆ ఒక్కదాన్నీ మిగిల్చింది, అప్పుడు ఆమెకు నవ్వు ఆగలేదు, పెళ్లయిన నాటినుంచీ కుళాయి కారుతోందన్నా చూద్దాం, సముద్రం చూసొద్దామన్నా చూద్దాం, బీరువా తలుపు ఊడి మీద పడేలా ఉందన్నా చూద్దామే కదా, అరిగిపోయిన మాట ముందు పోవాలి న్యాయానికి, ఇన్ని మాటల్లో ఇదొక్కటే గట్టెక్కాలా, ఆ నవ్వు చూసి నర్సు బెదిరిపోయి కుర్చీ తెచ్చి వేసింది, కూర్చున్నాక గానీ తెలియలేదు అది ఏడుపని, అప్పుడే డాక్టరు వచ్చి, కంగారు పడకండమ్మా, మాట పోయింది గానీ తెలివి పోలేదు, లోపల అన్నీ ఉన్నాయి, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది, అన్నాడు, ఆ మాటను ఆమె కొంగున ముడివేసుకున్నట్టు ఇంటికి తెచ్చుకుంది, అన్నం పెడుతున్నా, చొక్కా బొత్తాలు పెడుతున్నా, లోపల అన్నీ ఉన్నాయి, లోపల అన్నీ ఉన్నాయి, అనుకుంటూనే ఉంది, కాలేజీ ల్యాబులో కంప్యూటర్లన్నిటినీ కంటికి రెప్పలా చూసుకున్న మనిషి, సెలవురోజున వసారాలో పాడైన పెట్టెలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చున్న జనాన్ని చూసి ఎదురింటావిడ పెట్టెల డాక్టరని పేరు పెట్టిన మనిషి, ఆ తెలివంతా ఎక్కడికి పోతుంది, తలుపుకు గడియ పడింది, ఎప్పుడో ఒకప్పుడు తీస్తాడు.

కెర్నెల్ అంటే గింజ, అని ఆయనే చెప్పాడు ఒకప్పుడు, పండు ఒలుస్తూ, నీకు తెర మీద కనబడే కిటికీలూ బొమ్మలూ అంతా తొక్కే తల్లీ, లోపల గింజ ఉంటుంది, యంత్రంతో మాట్లాడేది అది, దాన్ని ఊరికే కదిలించకూడదు, అని, అందుకే అప్‌డేట్ కావాలా అని పెట్టె అడిగినప్పుడల్లా ఆయన తర్వాత అనే మీట నొక్కి ఊరుకునేవాడు, ఆయన పడ్డాక కూడా అది రోజూ అడిగేది, వినయంగా, విసుగు లేకుండా, ఈ ఇంట్లో ఇంత మర్యాదగా తనను అడిగేవాళ్లెవరున్నారు గనక, పాపం అనిపించి ఒకరోజు సరేనంది, అయ్యాక పాత కెర్నెళ్లు చోటు తినేస్తున్నాయి, తీసేయమంటారా అంది, అసలు తప్పు అక్కడ జరిగింది, పెట్టె మళ్లీ లేవలేదు, ఫోను చేస్తే మరిది ఎంత ధైర్యంగా మొదలుపెట్టాడు పాపం, ఏం ఫర్లేదు వదినా, డిస్కు బాగానే ఉండుంటుంది, లోపలున్నవన్నీ భద్రం, లేవడం దగ్గరే ఇబ్బంది, ఎస్కేప్ మీట నొక్కుతూ ఉండండి, మెనూ వస్తుంది, అందులో పాత కెర్నెల్ ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే చక్కగా లేస్తుంది, కొత్తది పడకపోతే ఉండాలనేగా పాతదాన్ని ఉంచేది, ఉంచుతారా, అంది ఆమె, ఉంచక, పాతదాన్ని తీసేస్తారా ఎవరన్నా, అన్నాడు మరిది, వదినా, ఊఁ, తీసేశారా, అదే అడిగింది బాబూ తీసేయమంటారా అని, నిజంగానా అని రెండోసారి కూడా అడిగుంటుందే, అడిగింది, దానికీ సరేనన్నాను, మీ అన్నయ్య ఏనాడన్నా ఒక తీగముక్క పారేయనిచ్చారా ఈ ఇంట్లో, అదే పారేస్తానని ముందుకొస్తే కాదంటానా, మరిది నవ్వాడు, నవ్వి నాలుక కరుచుకున్నాడు, అయితే ఇంకో దారుంది, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకీ కొత్త గింజకీ పడడం లేదనుకుంటా, అదే మెనూలో ఇంగ్లీషు ఇ అక్షరం నొక్కితే ఆజ్ఞలు కనబడతాయి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్ టెన్ నొక్కాలి, బొమ్మ బాగా గీయాలనే పట్టుదల మానేసి ఎలాగోలా లేవమని దానర్థం, నేనొచ్చి చేసి పెడతాలెండి, వద్దులే, ఎందుకు వద్దు, మీ అన్నయ్య ఉన్నారుగా, ఆయనే చేస్తారు, సరే వదినా, అన్నాడు మరిది, ఆ సరేలోని జాలి ఆమెకు స్పష్టంగా వినిపించింది, వినిపించనట్టే ఫోను పెట్టేసింది.

అవును, ఆయనే చేస్తాడు, ఇందులో జాలి పడేదేముంది, పిలిచి అడిగినవాళ్లే లేరు గానీ, నెలల తరబడి అందరూ చెంచా చూపించి ఇదేమిటి, దువ్వెన చూపించి ఇదేమిటి, అంత చదువుకున్న మనిషిని అలా అడిగితే చూద్దాం అనక ఏమంటాడు, ఆయన పని ఆయనకిస్తే కదా తెలిసేది, లేవండి, మీ పెట్టె ఆగిపోయింది, నా నిర్వాకమే, తిట్టుకుందురుగాని రండి, అంది, చూద్దాం, అన్నాడు ఆయన, ఆహా, ఇప్పుడు సరిగ్గా సరిపోయింది ఆ మాట, రండి చూద్దాం, భుజం కింద చెయ్యి వేసి లేపింది, ఎంత తేలికైపోయాడు, కుర్చీలో కూర్చోబెట్టి చొక్కా సర్దింది, పెట్టె ఆపి మళ్లీ వేసి ఎస్కేప్ మీట తానే నొక్కి మెనూ దాకా తెచ్చింది, ఈ కాస్త సాయం ఎవరైనా చేస్తారు, ఇక మీరు కానివ్వండి, అంది, ఆయన చేతులు లేచి కీబోర్డు మీద వాలాయి, వేళ్లు అక్షరాల మీద నిలిచాయి, ఒకప్పుడు తెరవైపు చూస్తూనే, ఆమెతో కూరలో ఉప్పు తగ్గిందని వాదిస్తూనే పరుగులు తీసిన వేళ్లు, ఇప్పుడు చూపుడువేలు ఒక మీట అంచును తడిమింది, పక్కదాన్ని తడిమింది, కొత్త గుడ్డ నేత ఎలా ఉందో చూస్తున్నట్టు, ఎక్కడా నొక్కలేదు, ఇ నొక్కాలేమోనండీ, అంది మెల్లగా, ఆయన ఇ మీదుగా వేలు పోనిచ్చి దాటిపోయాడు, అదిగో అదే, దాటేశారు, అంది, ఆయన వేలు ఆగలేదు, వరుస చివరిదాకా వెళ్లి కీబోర్డు దిగి బల్ల మీద నడిచింది, బల్ల మీద కూడా అదే శ్రద్ధ, అదే నెమ్మది, కీబోర్డుకూ కర్రకూ తేడా ఏమీ లేనట్టు.

అలసిపోయారు, అంతే, అనుకుంది, వెలుగు కళ్లలో పడుతోంది, అనుకుని కిటికీ తెర లాగింది, లాగి వచ్చాక కూడా ఆ వేలు బల్ల అంచునే ఉంది, ఇక చేసేదేమీ లేక ఆయన భుజం మీదుగా వంగి ఇ నొక్కింది, ఆజ్ఞలు బారులు తీరాయి, లినక్స్ అనే వరుస వెతికి చివరికి వెళ్లి ఒక్కో అక్షరమే చూసుకుంటూ నోమోడ్‌సెట్ కొట్టింది, ఆమె గడ్డం ఆయన తలకు తగులుతోంది, జుట్టులో సబ్బు వాసన, పొద్దున తానే రుద్దిన సబ్బు, ఎఫ్ టెన్, నలుపు, వరుసలు, చుక్కలు, చుక్కలు దాటి ఇంకో వరుస, ఇంకోటి, గబగబా కిందికి జారిపోతున్న వరుసలు, తెర వెలిగింది, బొమ్మలన్నీ లావెక్కి మసకగా ఉన్నాయి, అంచులు తెగిపోయాయి, అయినా లేచింది, తాను లేపింది, లేచిందండీ, అని అరిచింది, అరిచి ఆయన మొహం చూసింది, ఆయన తెరను చూస్తున్నాడు, తర్వాత తల తిప్పి ఆమెను చూశాడు, మెచ్చుకోలేదు, ఇంత ఆలస్యమా అని వెక్కిరించలేదు, కనుబొమలు కాస్త పైకెత్తి, పెదవి కొరుక్కుంటూ, ఎదురుచూస్తూ, ఎక్కడ చూసింది ఈ చూపు, ఎవరిది, అయ్యో, ఇది తనదే కదా, పెళ్లయిన కొత్తలో ఏదో కొట్టి తెరంతా గందరగోళం చేసుకుని ఆయనకేసి తాను చూసిన చూపు, ఇప్పుడేం చేయాలి చెప్పండి, అనే చూపు, అది గడియ వెనక అన్నీ దాచుకున్నవాడి చూపు కాదు, డాక్టరు అబద్ధం చెప్పాడో, దయతో చెప్పాడో, తానే ఎక్కువగా విన్నదో, లోపల ఆ గదే లేదు, ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది, ఆయన చేతిని తీసి మౌస్ మీద పెట్టి దానిమీద తన చెయ్యి పెట్టింది, ఎంతకాలంగానో తాను ఎదురుచూస్తున్న ఆ అన్నీ తెలిసిన మనిషి ఇక రాడు, ఆయన వెళ్లిపోయి చాలా రోజులైంది, ఈ కుర్చీలో ఉన్నది అడిగే మనిషి, ఈ ఇంట్లో ఇక చెప్పాల్సింది తనే.