అటక మీది గొడ్డలి

లూసియానాలో మా కాలవ గట్టున ఏ ఇంటి అటక చూసినా ఒక గొడ్డలి ఉంటుంది. కట్టెలు కొట్టడానికి కాదు. నీళ్లు అటకదాకా వస్తే కప్పు పగలగొట్టుకుని బయటపడడానికి.

జూన్ ఒకటిన తుఫాన్ల కాలం మొదలు. ఆ రోజే నేను అటక సర్దుతాను. ఈసారీ నిచ్చెన వేసి నీళ్ల డబ్బాలు, చేపల టిన్నులు, టార్చిలైటు, ఇంటి కాగితాలు, నా బీపీ మాత్రలు అన్నీ పైకి మోశాను. కింద మా అత్త జేలీ కుర్చీలో కూచుని కాఫీ తాగుతూ వంకలు పెడుతోంది. పోయిన చలికాలం తుంటి విరిగింది గానీ నోటికి మాత్రం ఏమీ కాలేదు.

“ఏమే ఒడెట్, టిన్నులు కోసేది పెట్టావా? పోయినసారి మీ ఆయన స్క్రూడ్రైవరుతో పొడిచి చెయ్యి కోసుకున్నాడు.”

“పెట్టానత్తయ్యా. మీ కొడుకు తెలివి నాకు తెలీదా ఏంటి?”

మా ఆయన రొయ్యల పడవ మీదికి వెళ్లాడు కాబట్టి సరిపోయింది, వింటే ఊరుకునేవాడు కాదు.

నేను కిందికి దిగి అత్త మందుల డబ్బా తీసుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“అది ఇక్కడే ఉండనీ.”

“నీళ్లొస్తే?”

“రానీ. ఆ నిచ్చెన నేనెక్కలేను. నన్నెత్తుకుని మీరూ ఎక్కలేరు. మీరిద్దరూ పైకెళ్లండి. నేను జపమాల పట్టుకుని ఇక్కడే కూచుంటా.”

తుఫానొస్తే ఊరు దాటి పోదామని ఏటా మొత్తుకునేది నేను. మా మామ కట్టిన ఇల్లు, వదిలి కదిలేది లేదని మొండికేసేది ఆమె. ఆమెను వదల్లేక మేమూ ఉండిపోయేవాళ్లం. తుంటి విరిగాక కూడా గుడ్డెద్దులా మళ్లీ అటకే సర్దుతున్నాను. ఈమె ఎలా ఎక్కుతుందని ఒక్కసారైనా అనుకోలేదు. నా మీద నాకే సిగ్గేసింది. ఆమె మీద ఒళ్లు మండింది.

పైకెక్కి నా మాత్రలు కిందికి తెచ్చి ఆమె డబ్బా పక్కన పెట్టాను. కుర్చీ లాక్కుని కూచున్నాను.

“ఇదేంటే?”

“నేనూ ఇక్కడే ఉంటా. మీ అబ్బాయి ఒక్కడే ఎక్కుతాడు లెండి.”

“పిచ్చిగానీ పట్టిందా! కాళ్లు చేతులు బాగున్నదానివి, నీకేం రోగం?”

“మొండితనం. మీ దగ్గరే అంటుకుంది.”

తిట్టింది. నన్నూ మా పుట్టింటివాళ్లనీ కలిపి తిట్టింది. నేను కదల్లేదు. ఆమె తన డబ్బా పక్కనున్న నా మాత్రల వంక చూసింది. కప్పులో కాఫీ చల్లారిపోయింది.

“వెధవ సంత,” అంది చివరికి. “ఆ టిన్నులూ నీళ్లూ అన్నీ దించి కారులో పెట్టు. ఈసారి తుఫానంటే పోదాం.”

“గొడ్డలో?”

“దాన్ని అక్కడే ఏడవనీ.”

నేను లేచి నిచ్చెన మీద కాలు పెట్టాను. వెనక నుంచి ఆమె తన చేతికర్ర నేలకేసి కొట్టింది.

“అవి తర్వాత. ముందు ఇది పెట్టు,” అంటూ తన మందుల డబ్బా నా చేతికిచ్చింది.