తోకలేని గుడ్డ

మూడోసారి సెల్ఫ్ కొట్టినా ఇంజను గిరగిరా తిరిగిందే గాని అంటుకోలేదు. పెద్దాయన ఒక కాలు కారు బయటికి చాపుకుని కూర్చుని, తాళంచెవి మీంచి వేళ్ళు తీయకుండా, తల కాస్త పక్కకి వంచి విన్నాడు. బ్యాటరీకి ఏ రోగమూ లేదు. నిన్న హెడ్డు దింపి, గ్యాస్కెట్ మార్చి, సాయంత్రానికి అన్నీ తిరిగి బిగించిన ఇంజను ఇది. పొద్దున్నే ఇచ్చేస్తామని మాటిచ్చారు. ఇప్పుడు పదకొండు దాటింది. కారు సొంతదారు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు.

"మొన్నటిదాకా పొగ కక్కుతూనైనా నడిచిందండీ. మీరు బాగుచేశాక అదీ మానేసింది," అన్నాడతను, ఎవరి వైపూ చూడకుండా.

పెద్దాయనకి చురుక్కుమంది. పెద్దాయన అంటే మరీ ముసలివాడేం కాదు, యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. ఎంత రుద్దినా అరచేతి గీతల్లోంచి నలుపు పోదు. ఫ్యాను రెక్క తగిలి చీలిన బొటనవేలి గోరు మళ్ళీ సరిగ్గా పెరగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే షెడ్డు, ఇదే మూల. తోటివాళ్ళు సొంత షెడ్లు పెట్టారు, కొందరు పెట్టి మూసుకున్నారు. ఈయన ఏదీ పెట్టలేదు, ఏదీ మూయలేదు. ఇన్నేళ్ళలో సంపాదించుకున్నది ఒక్కటే: ఇంజను దగ్గర ఆయన ఒక మాటంటే దానిపై అప్పీలు లేదు.

గోడ మీది మేకులు కూడా ఆయన పెట్టించినవే. విప్పిన ఇంజనులో నట్టో దుమ్మో పడకుండా తెరిచిన ప్రతి రంధ్రంలోనూ గుడ్డ కుక్కుతారు. కుక్కి మరిచిపోయారంటే ఆ ఇంజను గతి అంతే. అందుకని మనిషికి నాలుగు గుడ్డలు, ప్రతి గుడ్డకీ జానెడు ఎర్ర నాడా. గుడ్డ లోపలికి పోయినా ఆ తోక బయట వేలాడుతుంది. ఇంటికెళ్ళేముందు నాలుగూ ఉతికి ఎవరి మేకుకి వాళ్ళు తగిలించాలి. మొదట్లో అందరూ నవ్వారు. "మా తోకలు లెక్కపెట్టండి బాబాయ్" అంటూ వెనక్కి తిరిగి నిలబడేవాళ్ళు. తర్వాత అలవాటైపోయింది.

ప్లగ్గు విప్పి చూశాడు. పెట్రోలుతో తడిసి ముద్దయింది. కరెంటు వస్తోంది, పెట్రోలూ వస్తోంది. షెడ్డు యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. పాత యజమాని కొడుకు, నిక్కర్ల నాటి నుంచి ఎరిగినవాడు.

"ఎక్కడుంది పెద్దాయనా లోపం?"

ఇంజను కవాటాల్ని వేళకి తెరిచే టైమింగ్ బెల్టు మీది కవరు విప్పి చూశాకే దానికి జవాబు చెప్పాలి. విప్పడానికి అరగంట పడుతుంది. కారు సొంతదారు కుర్చీలోంచి లేచి వచ్చాడు. అవతలి కారు కిందనుంచి ఎడంచెయ్యి కూడా తల బయటపెట్టి చూస్తున్నాడు.

ఎడంచెయ్యి ఆ షెడ్డులో రెండో మెకానిక్. స్పానర్ ఆ చేత్తో పడతాడు గనక ఆ పేరు. పక్క సందులో బడి ఉందనీ, కూతుర్ని రోజూ వెంటబెట్టుకు రావచ్చనీ ఈ షెడ్డులో చేరాడు. పనంతా పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాడు. ఈమధ్య వచ్చేవాళ్ళు "ఆ ఎడంచేతి అబ్బాయి లేడా?" అని అడుగుతున్నారు. "లోపలున్నాడు" అని పెద్దాయన నవ్వుతూనే చెబుతాడు. నవ్విన ప్రతిసారీ కడుపు మండుతుంది.

"టైమింగ్ తప్పింది," అన్నాడు పెద్దాయన. "బెల్టు ఒక పన్ను జరిగింది."

"బెల్టు ఎవరేశారు?" అన్నాడు యజమాని.

పెద్దాయన ప్లగ్గు తుడుస్తూ అవతలి కారు వైపు చూశాడు. అది చాలు.

ఎడంచెయ్యి లేచి నిలబడ్డాడు. "చక్రాల మీది గుర్తులు రెండుసార్లు చూసుకునే వేశాను బాబాయ్. మీరూ చూశారుగా?"

"నేను పైన పనిలో ఉన్నాను. నేనెక్కడ చూశాను?"

చూశాడు. చూసి, బాగుందన్నట్టు తల కూడా ఊపాడు.

కారు సొంతదారు వింటుండగా యజమాని గొంతు పెంచాడు. "చేతిలో ఉన్న పని పూర్తిచేసి, సాయంత్రం సామాను సర్దుకో. రేపట్నుంచి రానక్కర్లేదు." ఎడంచెయ్యి ఏదో అనబోయి, పెద్దాయన మొహం చూసి, మళ్ళీ కారు కిందకి దూరాడు.

మధ్యాహ్నం పెద్దాయన భోజనం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిన్నాడు. డబ్బా మూసేసి బెల్టు కవరు విప్పాడు. కింది చక్రం గీత గీతకి ఎదురుగా ఉంది. పై చక్రం చుక్క చుక్కకి ఎదురుగా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అప్పుడే పిలిచి చెప్పి ఉండొచ్చు. రెండు బారల దూరంలోనే ఉన్నాడు ఎడంచెయ్యి.

చెప్పలేదు. కవరు బిగించేశాడు. కరెంటుంది, పెట్రోలుంది, టైమింగ్ ఉంది. ఇక మిగిలింది గాలే. ఇంజనులోకి గాలి పోయే గొట్టం విప్పి లోపలికి రెండు వేళ్ళు పెట్టాడు. వేళ్ళకి మెత్తగా తగిలింది.

తన గుడ్డే. తోక లేనిది. తోకలు కుట్టేది ఆయన భార్య. ఏడాదిగా వేళ్ళ కీళ్ళు వాచి ఆమె సూది పట్టుకోలేకపోతోంది. పాతది చిరిగితే కొత్తగుడ్డ చింపుకున్నాడు గాని, ఆమెని కుట్టమని అడగలేకపోయాడు. తానే కుడదామంటే సూదిలోకి దారం ఎక్కలేదు. ఒక్క గుడ్డకేం లెమ్మనుకున్నాడు. నిన్న రాత్రి తన మేకుకి మూడే తగిలించాడు. అందరి మేకులూ లెక్కపెట్టే మనిషికి తన మేకు లెక్కపెట్టుకోవడం ఎప్పుడో తప్పిపోయింది.

గుడ్డ ఉండచుట్టి చొక్కా లోపలికి తోసేసుకున్నాడు. గొట్టం బిగించి తాళంచెవి తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అంటుకుంది.

కారు సొంతదారు మొహం విప్పారింది. "అనుభవం అంటే అదండీ," అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

ఎడంచెయ్యి కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. "బెల్టేనా బాబాయ్?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"ఊఁ."

"రెండుసార్లు చూశాననే అనుకున్నాను," అన్నాడతను మెల్లగా, తడిచేతుల వైపు చూసుకుంటూ. "మీ దగ్గర నేర్చుకుని మీకే మాట తెచ్చాను."

పెద్దాయన చెయ్యి చొక్కా మీదికి పోయింది. తల దించుకున్నాడు. పక్క సందులో బడి గంట కొట్టారు. కాసేపటికి తలెత్తి చూస్తే కొళాయి దగ్గర ఎవరూ లేరు.

ఒక్క అంగలో యజమాని గదిలోకి పోయి గుడ్డ తీసి బల్లమీద పడేశాడు. "తప్పు వాడిది కాదు బాబూ. ఇది గాలి గొట్టంలో దొరికింది. నాది. వాణ్ణి వెనక్కి పిలవండి."

యజమాని గుడ్డని పెన్నుతో పక్కకి జరిపాడు. "కారు వెళ్ళిపోయిందిగా, ఇంకెందుకివన్నీ? అసలు పనే తగ్గింది పెద్దాయనా. ఇద్దరిలో ఒకర్ని తీసెయ్యాలనే అనుకుంటున్నా, సాకు దొరికింది. వాణ్ణి పిలవమంటే పిలుస్తా. మరి మీరు ఇంటికెళ్తారా?"

చెప్పాల్సింది ఒక్క మాట. పెద్దాయన ఇంట్లో భార్య వాచిన వేళ్ళు తలుచుకున్నాడు, తన వయసు తలుచుకున్నాడు. వీధిలో ఆటోలు పోతున్న చప్పుడు వింటూ నిలబడ్డాడు. ఆ ఒక్క మాటా రాలేదు.

"వెళ్ళి పని చూసుకోండి," అన్నాడు యజమాని, మెత్తగానే.

ఇంటికి బయల్దేరుతూ మూడు గుడ్డలు ఉతికి తన మేకుకి తగిలించాడు. అప్పుడు పక్క మేకు కంటబడింది. పొద్దున ఎవరైనా ఒక్కసారి ఇటు తల తిప్పి రెండు మేకులూ లెక్కపెట్టి ఉంటే సరిపోయేది. ఎడంచెయ్యి మేకుకి ఉతికి ఆరేసిన నాలుగు గుడ్డలూ ఉన్నాయి, నాలుగు ఎర్ర తోకల చివర్నుంచీ ఇంకా నీళ్ళు కారుతున్నాయి.