నాలుగు నిమిషాల నలుపు

పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ‘ఇంకొక్కసారి’ అనడానికి సిగ్గుండదు. తాళి కట్టేటప్పుడు ఎవరి తలో అడ్డొస్తే, కట్టేసిన తాళినే పట్టుకుని పెళ్లికొడుకు మళ్లీ కట్టినట్టు చేస్తాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో త్రినాథరావు గారి స్టూడియోలో తొమ్మిదేళ్లుగా అలాంటివి కత్తిరించి అతికించడమే నా పని. ఏది మొదటిదో, ఏది రెండోదో ఆ పెళ్లివాళ్లే మరిచిపోతారు.

మా నాన్న జంగయ్య పోయాక ఆయన మీద ఒక సినిమా తీద్దామనుకున్నాను. కథ చెప్పే సినిమా కాదు. ఆదివారాలు ఒక సినిమా వర్క్‌షాపుకు వెళ్లి వేరే రకం సినిమాలు చూశాను. వాటిలో తీసే మనిషి తన గొంతుతోనే సందేహపడుతూ, తన కెమెరానే నిలదీస్తూ ఆలోచిస్తుంటుంది. నాకూ ఆ తెలివి వచ్చేసిందనుకున్నాను. పొగరు కాకపోతే ఏమిటి?

అల్మాస్‌గూడలో మా ఇంటి వెనక, నీళ్ల డ్రమ్ముల పక్కన అమ్మను కూర్చోబెట్టి నాన్న పోయిన పొద్దున ఏం జరిగిందో చెప్పమన్నాను. నొప్పి రాగానే ఆటోలో ఎల్బీనగర్ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో పోయాడని మా అందరికీ తెలిసిన సంగతే. కానీ ఆ రోజు అమ్మ నా వైపు కాక డ్రమ్ముల వైపు చూస్తూ నాలుగు నిమిషాలు వేరే మాట చెప్పింది. ఆస్పత్రికి పోదామని నాన్న అడిగాడట. అప్పుడే నల్లా వచ్చింది. నీళ్లు పట్టాక పోదామని తనే అందట.

ఆమె ఆపాక కెమెరా చూసుకుంటే రికార్డింగ్ ఎర్ర చుక్క లేదు. నేను బటనే నొక్కలేదు. నోటికి అలవాటైన మాట ఊడిపడింది.

"అమ్మా, ఇంకొక్కసారి."

అమ్మ నా ముఖంలోకి చూసింది. కొంగు సర్దుకుంది. ఈసారి సూటిగా కెమెరాలోకి చూస్తూ, "ఛాతీల నొస్తుందన్నడు. అనంగనే ఆటో పిలిచి ఎక్కించిన. దవాఖానకు వోయేలోపే పాణం వోయింది" అంది. కళ్లు తుడుచుకోవలసిన చోట తుడుచుకుంది. అచ్చం పెళ్లి వీడియోలాగా చక్కగా వచ్చింది.

"ముందు చెప్పిందే చెప్పవా?" అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "చెప్పింది ఒక్కటే కదనే" అని లోపలికి వెళ్లిపోయేది. రెండోది మాత్రమే పెడితే నా సినిమా అబద్ధం. మొదటిది నా నోటితో చెబితే అమ్మ మాటను దొంగిలించినట్టు. మూడు వారాలు కొట్టుమిట్టాడి, ఆ నాలుగు నిమిషాలూ నల్లటి తెర వదిలేశాను. మొదట్లో నా గొంతు: "ఇక్కడ అమ్మ మాట్లాడింది. నేను బటన్ నొక్కలేదు. దీని తర్వాత వినబోయేది నేను మళ్లీ చెప్పమంటే చెప్పింది." తర్వాత అంతా నిశ్శబ్దం.

త్రినాథరావు గారు చూసి కంగారుపడ్డారు. "ఇంతసేపు నల్లగా వదిలేస్తే టీవీ పాడైందనుకుంటారమ్మా. మీ నాన్నగారి ఫొటో పెట్టేయ్, పాట నేను వెతికిస్తాను" అన్నారు. మంచి మనిషే. అయినా వద్దన్నాను. ఆ మూడు వాక్యాలు అమ్మను పట్టిస్తాయేమోనని మాత్రం భయం పోలేదు. ముందు నువ్వొక్కదానివే చూడమని అమ్మను అడిగితే, "అందరితోనే చూస్త" అంది.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక ముందు గదిలో టీవీకి పెట్టాను. పది పన్నెండు మంది ఉన్నారు. నాన్న ఫొటోలు, ఆయన చెప్పులు, ఈ వీధి అన్నీ అయిపోయి తెర నల్లబడింది. నా గొంతు వచ్చి ఆగిపోయింది. కాసేపటికి నాన్న తమ్ముడు అంతయ్య, "టీవీ ఖరాబైందా ఏంది, జ్యోతీ?" అన్నాడు. నేను రిమోట్ అందుకోబోయాను.

"టీవీ మంచిగనే ఉంది" అంది అమ్మ. "ఈడ నా మాట రావాలె."

గోడకు ఆనుకుని, తల ఎత్తకుండానే చెప్పింది. "పోదామని మీ అన్ననే అడిగిండు, అంతయ్యా. నాలుగు దినాలకు నల్లా వచ్చింది. డ్రమ్ములు నింపినంక పోదామన్న. అరగంట పట్టిన. గడప మీద కూసోని సూస్తుండె. ఆఖరికి లేసి బకీటు అందియ్యబోయిండు."

బకెట్ సంగతి నాకు మొదటిసారి చెప్పలేదు.

నలుపు తన సమయానికి అయిపోయి, తెర మీద అమ్మ వచ్చింది. "అనంగనే ఆటో పిలిచి ఎక్కించిన" అంటూ కళ్లు తుడుచుకుంది. గోడకు ఆనుకున్న అమ్మ తుడుచుకోలేదు. అంతయ్య లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది.

"మల్ల చెప్పమనకు, బిడ్డా."