జేబు కెమెరాకి అత్తయ్య పరీక్ష

నేను ఊఁ అంటేనే మా షాపులో ఏ వస్తువైనా అరలోకి ఎక్కుతుంది. గొప్పలు చెప్పుకుంటున్నానా? చెప్పుకుంటాను. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదు మరి.

నా పద్ధతి చాలా సులువు. డబ్బా మీద 'కొత్తవాళ్ళ కోసం' అని ఉంటే తీసుకెళ్ళి మా అత్తయ్య చేతిలో పెడతాను. మిక్సీ అయినా, రేడియో అయినా అంతే. ఒక్క ముక్క చెప్పను, సాయం చెయ్యను. నా మొహం చూసి పసిగట్టేస్తుందని పక్కగదిలో కూర్చుంటాను. ఆవిడకి దారి దొరికితే లోకంలో ఎవరికైనా దొరుకుతుంది.

ఈసారి వచ్చింది సబ్బుబిళ్ళంత వీడియో కెమెరా. ధర ఓ మాదిరి బూట్ల జత కన్నా తక్కువ. వెనక చిన్న తెర, పక్కన స్పీకరు, పైన ఒకటే మీట, దాని పక్కన దీపం. చూడగానే నచ్చేసింది.

పనిలో పనిగా ఇంట్లో అవసరం కూడా తీరుతుందనుకున్నాను. మామయ్యగారి గొంతులో గడ్డ. మర్నాడే ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తాం, ఇక మాట రాదు అని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. మామయ్యగారు వడ్రంగి. రంపం మిషన్ మోతలో కూడా ఆయన "ఏమోయ్!" అని అత్తయ్యని పిలిస్తే వీధి చివరిదాకా వినపడేది. ఇప్పుడు బొంగురుపోయింది, అయినా ఆ గొంతు మాకు కావాలి. ఫోన్లో తీద్దామంటే ససేమిరా అన్నారు. "అందులో ఎప్పుడూ ఎవడో ఒకడు మధ్యలో దూరతాడమ్మా."

మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు పేజీల కాగితం పట్టుకుని పనిబల్ల దగ్గర కూర్చున్నారు. అత్తయ్య కెమెరాని అటూ ఇటూ తిప్పి, మూత జరిపింది. పచ్చదీపం వెలిగింది. "ఆఁ, వచ్చేసింది! చెప్పండి," అంది. నేను పక్కగదిలోకి వెళ్ళిపోయాను. ఎండని కలప కొనొద్దన్నారు, అన్నదమ్ములు కలిసుండాలన్నారు, ఇంకా ఏవేవో. గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటూ విన్నాను.

అంతా అయ్యాక బయటికొస్తే మామయ్యగారు టీ తాగుతున్నారు, అత్తయ్య వంటింట్లో ఉంది, కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. అయ్యో, ఆపడం మర్చిపోయింది అనుకుని, నోరు మెదపకుండా నా మార్కుల పుస్తకంలో అర మార్కు కోసేశాను. ఎంత తెలివైనదాన్నో!

మర్నాడు ఆస్పత్రిలో ఆయన్ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. మా ఆయన మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళారు. ఊరికే కూర్చోలేక బెంచీ మీద కెమెరా తెరిచాను. ఒకటే వీడియో ఉంది. అందులో ఆ రెండు పేజీల్లో ఒక్క ముక్క లేదు. నా పద్ధతి తగలెయ్య!

"అత్తయ్యా, తిట్టండి, కొట్టండి, మామయ్య మాటలు ఎక్కలేదు," అని ఏడ్చేశాను.

"అదేంటే, పచ్చగా ఉన్నంతసేపూ తీశాను. అయిపోగానే నొక్కితే ఎర్రగా ఆగింది కదా," అంది ఆవిడ. "రోడ్డు మీద ఎర్రదీపానికి ఎవరైనా వెళ్తారా?"

పచ్చదీపమంటే సిద్ధంగా ఉన్నానని మాత్రమే, ఎర్రదీపం వెలిగాకే కెమెరా తీస్తుంది. ఆ ఒక్క మాట ముందే చెబితే నా సొమ్మేం పోయేది? అత్తయ్య కెమెరా లాక్కుని వీడియో పెట్టింది. అందులోంచి మామయ్యగారి గొంతు.

"అబ్బ, ఈ కాలరొకటి, ఊపిరాడనివ్వదు. ఏమోయ్! టీలో చక్కెర మళ్ళీ మర్చిపోయావ్."

"మీకు వద్దన్నారుగా!" వంటింట్లోంచి అత్తయ్య.

"రేపట్నించి తిట్టలేను, ఇవాళైనా తిట్టనీ." కాస్త ఆగి, "ఏమోయ్, ఇలా వచ్చి కూర్చో. ఒక్కదానివే అక్కడ నిలబడి ఏడవకు."

అత్తయ్య మూడుసార్లు చూసింది. మొదటిసారి నవ్వింది, తర్వాత రెండుసార్లూ ఏడ్చింది.

"ఆ ఉపన్యాసం కాగితం మీద ఉందిలేవే," అంది నా చెయ్యి పట్టుకుని. "ఇది ఎక్కడ రాసుంది?"

ఓనరుకి నివేదిక ఇలా ఇచ్చాను: బొమ్మ బాగుంది, మాట ఇంకా బాగుంది, ధరకి వంక పెట్టడానికి లేదు. దీపాల రంగులు మాత్రం కొత్తవాళ్ళని నిలువునా ముంచుతాయి. ప్రతి డబ్బాలో పెద్ద అక్షరాల చీటీ పెట్టి అమ్మండి. శాంపిలు పీసు తిరిగి ఇమ్మంటే ఇవ్వనని చెప్పేశాను, కావాలంటే జీతంలో కోసుకోమన్నాను.

మామయ్యగారు నెలకల్లా మళ్ళీ పనిబల్ల దగ్గర కూర్చున్నారు. మెడకి గుడ్డ, చొక్కా జేబులో కెమెరా. ఆ ఒక్క పిలుపునీ విడిగా కత్తిరించి పెట్టాను, మీట ఎలా నొక్కాలో ఈసారి దగ్గర కూర్చుని నేర్పాను. ఏదైనా కావాలంటే జేబులో చెయ్యి పెట్టి నొక్కుతారు.

"ఏమోయ్!"

"వస్తున్నానండీ," అంటుంది అత్తయ్య వంటింట్లోంచి. "వీధంతా వినపడేలా ఎందుకలా అరుస్తారు?"