కంట్రోలు గారి ఆర్డరు

కాట్రేనికోన కేబుల్ ఆపరేటరు ప్రకాశరావును ఎవరైనా "కేబులాయన" అంటే మొహం మాడ్చుకుంటాడు. "కంట్రోలు గారు" అనాలి. అమలాపురం కంట్రోల్ రూముకు ఒక్క ఫోను చేస్తే పన్నెండు వందల టీవీలు తన మాట వింటాయని అతని గర్వం. మనుషులు ఎటూ వినరు, టీవీలైనా వింటున్నాయి పాపం.

ఆర్డర్లు మూడు రకాలని దొరికినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు. ఒకటి ఊరంతటికీ పోయేది, ఒకటి ఒక పేటకు పోయేది, మూడోది ఒకే ఒక్క బాక్సుకు పోయేది. బాక్సు అడుగునున్న నంబరే దాని అడ్రసు. బాక్సు ఆపేసి ఉన్నా ఆ ఆర్డరు వైరులో తిరుగుతూనే ఉంటుంది, ఆన్ చేయగానే పట్టుకుంటుంది. ఇంత గొప్ప విద్యను అతను వాడేది రోజూ తెర మీద "శుభోదయం, మీ ప్రకాశరావు" అని నడిపించడానికి.

ఇన్ని తెలిసినవాడికి రాసి పెట్టుకోవడం మాత్రం చేతకాదు. ఎవరి బాక్సు పాడైనా చేతికందిన మరోటి తగిలించి వస్తాడు. పాతది బాగుచేసి ఇంకో ఇంట్లో పెడతాడు. ఏది ఎక్కడుందని అడిగితే అంతా బుర్రలో ఉందంటాడు.

ఆ ఆదివారం ఆపరేటర్ల యూనియన్ పెద్దలు అతనింటికి భోజనానికి వస్తున్నారు. వాళ్ళలో ముఖ్యుడు రమణబాబు ఊఁ అంటే ప్రెసిడెంటు కుర్చీ ప్రకాశరావుదే. ఆ కుర్చీ కోసం మూడేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాడు. పొద్దున్నే బజారుకు పోయి, చిట్టెమ్మ చేపల గంప చుట్టూ ఉన్నవాళ్ళను తోసుకుని, పండుగప్ప ముందు తనకే ఇమ్మన్నాడు.

"వరసలో రండి బాబూ," అంది చిట్టెమ్మ. "టీవీలో బొమ్మకి ముందు మీరే, చేపలకీ ముందు మీరేనా అండి?"

బజారంతా నవ్వింది. ప్రకాశరావుకు ఒళ్ళు మండింది. సందు మలుపులో నిలబడి కంట్రోల్ రూములో పనిచేసే దుర్గాశ్రీకి ఫోను చేశాడు. చిట్టెమ్మ పేరున్న బాక్సుకు ఛానెళ్ళన్నీ ఆపేసి, రిమోటు నొక్కినా పోని మెసేజ్ ఒకటి పెట్టమన్నాడు. ఆ బాక్సు ఆవిడింట్లోనే ఉందా అని దుర్గాశ్రీ అడిగితే, తనకే పాఠాలా అని కసిరాడు. మెసేజ్‌లోని మాటలు తనే చెప్పాడు. ఆవిడ నోటితో అడిగేదాకా, చివరికి తను చెప్పినా సరే, తీయొద్దన్నాడు.

మధ్యాహ్నం పెద్దలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. వాళ్ళకు స్వాగతం చెబుతూ తెర మీద తన పేరు నడిపించాడు ప్రకాశరావు, ఊరంతటికీ పోయే రకం. అది చూపిద్దామని తన చేత్తోనే టీవీ పెట్టాడు.

తెర నల్లబడి, పెద్ద అక్షరాలు నిలబడ్డాయి. రమణబాబు కూడబలుక్కుని చదివాడు.

"కంట్రోలు గారిని అవమానించిన నీకు బొమ్మ రాదు. వచ్చి కాళ్ళు పట్టుకో."

ప్రకాశరావు రిమోటు బటన్లన్నీ నొక్కాడు. అక్షరాలు కదల్లేదు. అతని భార్య ఉమామహేశ్వరి కూర గిన్నెతో నిలబడి చల్లగా అంది.

"అది చిట్టెమ్మ బాక్సు కదండీ. పిడుగుకి మనది కాలిపోతే, రిపేరుకొచ్చిన దాన్ని మీరే తెచ్చి పెట్టేరు."

ఫోను చేస్తే దుర్గాశ్రీ వినయంగా చెప్పింది, చిట్టెమ్మే అడగాలని, ఆయన చెప్పినా తీయొద్దని ఆయనే అన్నారని. రమణబాబు మజ్జిగన్నం ముగించి, బొమ్మ వచ్చాక ప్రెసిడెంటు సంగతి మాట్లాడుకుందామన్నాడు. చేయి కడుక్కుని, తమాషా చూడ్డానికి, చిట్టెమ్మ ఇంటికి పరుగెత్తిన ప్రకాశరావు వెనకాలే బయలుదేరాడు.

చిట్టెమ్మ ఇంట్లో టీవీ మహా జోరుగా మోగుతోంది. ఆమె వాకిట్లో కూర్చుని గంప కడుగుతోంది. ప్రకాశరావు చెమటలు తుడుచుకుంటూ జరిగింది చెప్పి, ఒక్క ఫోను చేసి పెట్టమన్నాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఆయ్, చేత్తానండి," అంది చిట్టెమ్మ. "నాకోసం రాయించేరు కదా, ఏం రాయించేరో అది చెప్పండి ముందు."

అతను వెనక్కి చూశాడు. రమణబాబు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రాయించింది రాయించినట్టు అప్పజెప్పాడు.

చిట్టెమ్మ అంతా విని, చేపపొలుసులు అంటిన కాళ్ళు రెండూ అతని ముందుకు చాపింది.

"అలాగే కానివ్వండి."