చిట్టెంతో చేసిన ఇటుక

మా మీత్ గమ్ర్‌లో ఏ సందు తిరిగినా ఒక అల్యూమినియం కొలిమి తగులుతుంది. ఈజిప్టు వంటిళ్లలోని గిన్నెల్లో సగం మా ఊరివేనని గొప్పలు చెప్పుకుంటాం. నేను ఇరవై ఆరేళ్లు హాజీ దుసూకీ కార్ఖానాలో పనిచేశాను. పాత తుక్కు కరిగాక పైన బూడిదరంగు చిట్టెం మందంగా తేలుతుంది. దాన్ని తీసి, చల్లారాక మూడుచక్రాల బండికెత్తి, కాలవ గట్టున పారబోసేవాణ్ణి. వాన పడితే ఆ గుట్టల్లోంచి అమ్మోనియా ఘాటు లేచి కళ్లు మండేవి. గట్టు పక్క పొలాల్లో ఏదీ సరిగ్గా పండేది కాదు. అందరూ పోస్తున్నారు కదా అని నేనూ పోసేవాణ్ణి.

మా అక్క ఇన్సాఫ్‌కి ఊరి చివర ఇటుకల బట్టీ ఉండేది. బావ పోయాక పదకొండేళ్లు తనే నడిపింది. పొలం మట్టి తవ్వకూడదని, నల్లనూనె పొగ వదలకూడదని ప్రభుత్వం దాన్ని మూయించింది. పద్దెనిమిది మంది పనివాళ్లు ఇళ్లలో కూర్చున్నారు.

ఒకరోజు అక్క కాలవ గట్టు మీదికి వచ్చింది. అంతకు ముందురోజు ఎవరో వెల్లవేసి మిగిలిన సున్నం ఆ గుట్ట మీద కుమ్మరించారట. అది రొట్టెపిండిలా పొంగి, గట్టిపడిపోయింది. ఆ గడ్డని ఒళ్లో పెట్టుకుని, గోటితో గీకి చూస్తోంది.

"ఒరేయ్ మహ్రూస్, ఒక బండి మా బట్టీలో పొయ్యి."

"పిచ్చా అక్కా? అది విషం."

"మరి కాలవలో పోస్తే పన్నీరా?"

నేను బండిని బట్టీ వైపు తిప్పాను.

అక్క చిట్టెంలో సున్నం, వరిగడ్డి కాల్చిన బూడిద కలిపి, నీళ్లు పోసి పిసికి, అచ్చుల్లో నింపింది. తెల్లారేసరికి పిండి పొంగి పొర్లి, చెక్క అచ్చులు పగిలి పడున్నాయి. సరిగ్గా అప్పుడే హాజీ దుసూకీ అటుగా వచ్చాడు. కొలిమి యజమానుల సంఘానికి ఆయనే పెద్ద. అచ్చులకేసి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమ్మా ఇన్సాఫ్, రొట్టెల దుకాణం పెట్టావా? పప్పు కూడా వండుతున్నావా?"

"మీ కొలిమిలోని పిండే హాజీగారూ. ఉడికాక మొదటి ముద్ద మీకే పెడతాను."

ఆయన వెళ్లాక అక్క పగిలిన అచ్చుల మధ్య కూలబడింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. లేచి చెప్పులేసుకుని, గుప్పెడు చిట్టెం మూటగట్టుకుని, ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం చెప్పే బహీరా టీచర్ ఇంటికి నడిచింది.

టీచరమ్మ ఆ చిట్టెం వాసన చూసి ముఖం చిట్లించింది. "ఇందులో ఇంకా లోహం ముక్కలున్నాయి. సున్నం తగిలితే గాలి బుడగలు పుడతాయి. కొంచెం పుడితే ఇటుక తేలికవుతుంది, ఎక్కువైతే పగులుతుంది. ముందు జల్లెడ పట్టు. తరవాత ఆరుబయట నీళ్లలో నానబెట్టి, వాసన చచ్చేదాకా కలుపు. గాలికి ఎదురుగా మాత్రం నిలబడకు. నిప్పు దగ్గరికి రానివ్వకు."

పాత తొట్లలో తొమ్మిది రోజులు నానబెట్టాం. చిట్టెంలోని ఉప్పు దిగిన నీళ్లని కాలవలో వదలకుండా వెడల్పు మడుల్లో ఎండబెట్టాం. రెండోసారి ఇటుకలు పగల్లేదు గాని, తెల్లగా ఉప్పు పూసి చేతికి రాలాయి. ఇంకా కడిగాం. బూడిద పెంచాం, సున్నం తగ్గించాం. పదమూడో మేళవింపుకి ఇటుకలు నిలిచాయి. కాల్చనక్కర్లేదు, తడి గోనెల కింద మూడు వారాలు ఉంచితే చాలు. చేతిలోకి తీసుకుంటే మట్టి ఇటుకలో సగం బరువు కూడా లేదు.

జల్లెడలో మిగిలిన లోహపు రవ్వల్ని అక్క ఒక బుట్టలో పోసి, హాజీ దుసూకీ కార్ఖానా గుమ్మంలో దించింది.

"మీరు పారేసిన అల్యూమినియం ఇది. ఒక్క బండిలోది. మళ్లీ కరిగించుకోండి."

హాజీ గుప్పెడు తీసి అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఆ పూట ఆయన నవ్వలేదు.

మన్సూరా పట్నంలో ఇటుకల బలం పరీక్షించే ప్రయోగశాలకి ఆరు ఇటుకలు తీసుకెళ్లాం. గోడలకి వాడాలంటే చదరపు సెంటీమీటరుకి కనీసం ఇరవై అయిదు కిలోల ఒత్తిడి ఓర్చాలన్నారు. యంత్రం మొదటి ఇటుకను పట్టి నొక్కడం మొదలెట్టింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. ముల్లు ఇరవై దాటింది. ఇరవై అయిదు. ముప్పై. నలభై ఒకటి దగ్గర ఇటుక టప్పున విరిగింది. యంత్రం దగ్గరున్న కుర్రాడు అక్క కేసి తిరిగి, "ఏ కాలేజీలో చదివారమ్మా?" అని అడిగాడు.

"బట్టీలో చదివాను బాబూ. నువ్వు రెండోది పెట్టు."

ఆరింటిలో ఒక్కటీ ముప్పై ఆరుకి తగ్గలేదు.

ఆడపిల్లల బడిలో కొత్త గదుల గోడలకి ఆ ఇటుకలే కావాలని కాగితం వచ్చిన రోజున, పద్దెనిమిది మందీ బట్టీకి తిరిగొచ్చారు. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ జగారీత్ అనే సంబరం కూతలు వేస్తుంటే కాలవ అవతలి గట్టు దాకా వినిపించింది. హాజీ దుసూకీ నలుగురు కొలిమి యజమానుల్ని వెంటబెట్టుకుని వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ఇన్సాఫ్, మా చిట్టెం కూడా నువ్వే తీసుకోవాలమ్మా."

"తీసుకుంటాను. కాని ఒక్క తట్ట కాలవలో పడ్డా, ఆ రోజు నుంచి ఎవరిదీ తీసుకోను. మీ అయిదుగురూ సంతకాలు పెట్టండి."

అయిదుగురూ పెట్టారు. హాజీ తలపాగా సర్దుకుంటూ, "నువ్వు మగవాడివై పుట్టాల్సిందే ఇన్సాఫ్," అన్నాడు.

"అలా పుడితే నేనూ కాలవలోనే పోసేవాణ్ణేమో హాజీగారూ," అంది అక్క. అక్కడున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. హాజీ కూడా నవ్వేశాడు.

తరవాత అక్క నా వైపు తిరిగింది. "తొట్ల దగ్గర నాకో మేస్త్రీ కావాలి. వాసన ఎరిగిన ముక్కు కావాలి. వస్తావా?"

మర్నాడు పొద్దున్నే కార్ఖానాకి వెళ్లి, నా తోలు చేతితొడుగులు కొలిమి పక్కన మేకుకి తగిలించి వచ్చేశాను. నేను బట్టీకి చేరేసరికి అక్క అప్పటికే నిండు జల్లెడ ఊపుతోంది. ముఖమంతా బూడిద, పెదాల మీద ఏదో పాట.